రిలే టెస్ట్ రీడింగులను స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి చార్టు గీయడం ఎలా?

విద్యుత్ వ్యవస్థలో లోపం వచ్చినప్పుడు బ్రేకర్‌ను తెరిపించే, అంటే ట్రిప్ చేసే పరికరం ప్రొటెక్షన్ రిలే. కిట్‌తో దానికి నేరుగా కరెంట్ పంపి పరీక్షించే సెకండరీ ఇంజెక్షన్ టెస్ట్ పూర్తయ్యాక టెస్ట్ కిట్ ఒక పట్టిక ఇస్తుంది. ఎంత కరెంట్‌కు ఎన్ని సెకన్లలో రిలే ట్రిప్ అయిందో అందులో ఉంటుంది. ప్రతి రీడింగ్ పక్కన పాస్ అనో ఫెయిల్ అనో కూడా రాసి ఉంటుంది. అన్నీ పాస్ అయితే చాలామంది ఫైలు మూసేస్తారు. దయచేసి అలా మూయకండి. విడివిడిగా పాస్ అయిన ఆరు రీడింగులను ఒకే చార్టులో పెట్టి చూస్తే, ఆరూ ఒకే వైపు జరిగి ఉన్నాయని తెలియవచ్చు. ఆ జరుగుబాటుకు ఒక కారణం ఉంటుంది. అది పట్టికలో కనిపించదు, చార్టులో కనిపిస్తుంది.

అయితే అంకెలు స్ప్రెడ్‌షీట్‌లోకి సరిగ్గా చేరినప్పుడే ఆ చార్టును నమ్మగలం. పొరపాట్లలో ఎక్కువ భాగం చార్టు గీసేటప్పుడు కాదు, ఫైలు తెరిచే క్షణంలోనే జరుగుతాయి. అందుకే ఇక్కడ దిగుమతి గురించే ఎక్కువ చెబుతాను. ఉదాహరణకు ఒక ఓవర్‌కరెంట్ రిలేను తీసుకుందాం. సెట్టింగ్ (రిలే పనిచేయడం మొదలుపెట్టే కరెంట్, దీన్నే పికప్ అంటారు) 1 ఆంపియర్, టైమ్ మల్టిప్లయర్ (ట్రిప్ సమయాన్ని పెంచే, తగ్గించే గుణకం) 0.1, స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వ్ (కరెంట్ పెరిగేకొద్దీ ట్రిప్ సమయం తగ్గే గీత).

ముందు ఫైలును చదవండి

కిట్ సాఫ్ట్‌వేర్‌లో ఎగుమతి చేసేటప్పుడు సీఎస్‌వీ (గడులను కామా లాంటి గుర్తుతో విడదీసిన సాదా అక్షరాల ఫైలు) ఉంటే దాన్నే ఎంచుకోండి. పీడీఎఫ్ రిపోర్టు సంతకాలకు పనికొస్తుంది గానీ, దానిలోంచి అంకెలు కాపీ చేస్తే వరుసలు కలిసిపోతాయి. రిలే స్వయంగా రికార్డు చేసిన తరంగ రూపాలైతే కామ్‌ట్రేడ్ ఫైళ్లుగా వస్తాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం.

సీఎస్‌వీ ఫైలు చేతికి రాగానే అసలు ప్రతిని ఒక ఫోల్డర్‌లో పెట్టి, మార్చడానికి వీల్లేకుండా రీడ్ ఓన్లీ చేయండి. మీ పనంతా దాని నకలు మీదే జరగాలి. ఆ నకలును నోట్‌ప్యాడ్ లాంటి సాదా ఎడిటర్‌లో తెరవండి. ఎలిమెంట్ పేరు, కరెంట్, సమయం, ఫలితం అన్న క్రమంలో ఇలాంటి వరుసలు కనిపిస్తాయి:

51ఈ1,2.00,1.026,ట్రిప్
51ఈ1,5.00,0.441,ట్రిప్
51ఈ1,0.95,,ట్రిప్ కాలేదు

ఇక్కడ నాలుగు విషయాలు గమనించండి. గడులను విడదీస్తున్నది కామానా, సెమికోలనా, ట్యాబా? దశాంశానికి చుక్క వాడారా, కామా వాడారా? సమయం సెకన్లలో ఉందా, మిల్లీసెకన్లలో ఉందా? శీర్షికకు ముందు రిలే పేరు, తేదీ, కిట్ సీరియల్ నంబరు లాంటి అదనపు వరుసలు ఎన్ని ఉన్నాయి? ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుంటే తర్వాతి అడుగులో తడబాటు ఉండదు.

డబుల్ క్లిక్ చేయకండి, దిగుమతి చేయండి

సీఎస్‌వీ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ చాలాసార్లు మిమ్మల్ని ఏమీ అడగకుండా తనకు తోచినట్టు అర్థం చేసుకుంటుంది. రిలే డేటాకు ఇది ప్రత్యేకంగా ప్రమాదకరం, ఎందుకంటే రిలే ఎలిమెంట్ల (రిలే లోపలి ఒక్కో రక్షణ విధి) పేర్లు అంకెలలాగే ఉంటాయి. పై వరుసల్లోని 51ఈ1 లో మధ్యనున్నది నిజానికి ఇంగ్లిష్ అక్షరం. ఆ రూపాన్ని ఎక్సెల్ శాస్త్రీయ సంకేతంగా చదివి, 51ని పదితో గుణించి 510 అని పెట్టేస్తుంది. ఎలిమెంట్ పేరు పోయి ఒక అంకె మిగులుతుంది. ఫాల్ట్ లూప్‌ను (లోపం ఏ ఫేజుల మధ్య ఉందో) 1-2 అని రాసి ఉంటే అది తేదీగా మారుతుంది. ఒకసారి మారాక గడి ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చినా పాత రూపం తిరిగి రాదు.

దశాంశ గుర్తుతో ఇంకా పెద్ద చిక్కు ఉంది. కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగ్‌లో కామాయే దశాంశ గుర్తుగా ఉంటే, 1.003 సెకన్లను అది వెయ్యి మూడుగా చదువుతుంది. చుక్కను వేల విభజన గుర్తు అనుకోవడమే దీనికి కారణం. 0.441 అలా కుదరదు కాబట్టి అక్షరాలుగా మిగిలిపోవచ్చు. ఒకే నిలువు వరుసలో కొన్ని గడులు వెయ్యి రెట్లు పెరిగి, కొన్ని అంకెలే కాకుండా పోతే చార్టు ఎలా ఉంటుందో ఊహించండి.

ఎక్సెల్‌లో సరైన దారి ఇది. ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ఎంచుకోండి. ముందస్తు చిత్రం కనిపించాక వెంటనే లోడ్ నొక్కకుండా ‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’ నొక్కండి. పవర్ క్వెరీ కిటికీ తెరుచుకుంటుంది. కుడి వైపు దశల జాబితాలో ‘ఛేంజ్డ్ టైప్’ అనే దశను ఎక్సెల్ తనంతట తానే చేర్చి ఉంటుంది. దాన్ని తీసేయండి. పైన అదనపు వరుసలు ఉంటే తొలగించి, మొదటి వరుసను శీర్షికగా మార్చండి. ఇప్పుడు ప్రతి నిలువు వరుసకూ రకాన్ని మీరే నిర్ణయించండి. ఎలిమెంట్ పేరు, ఫలితం టెక్స్ట్‌గా ఉండాలి. కరెంట్, సమయం దశాంశ సంఖ్యలు. ఈ రెండింటికీ శీర్షిక మీద కుడి క్లిక్ చేసి, రకం మార్చే మెనూలో ‘యూజింగ్ లొకేల్’ తీసుకుని, ఫైలులోని దశాంశ గుర్తుకు సరిపోయే ప్రాంతాన్ని ఎంచుకోండి. చుక్క ఉంటే అమెరికా ఇంగ్లిష్ సరిపోతుంది. ఆ తర్వాత ‘క్లోజ్ అండ్ లోడ్’.

లిబ్రేఆఫీస్ క్యాల్క్ వాడేవారికి పని తేలిక. సీఎస్‌వీ తెరవగానే దిగుమతి డైలాగ్ దానంతట అదే వస్తుంది. భాష దగ్గర అమెరికా ఇంగ్లిష్ పెట్టండి, విభజన గుర్తు ఎంచుకోండి, ‘డిటెక్ట్ స్పెషల్ నంబర్స్’ దగ్గరి టిక్కు తీసేయండి. ఆ టిక్కు లేకపోతే తేదీలుగా మార్చే ప్రయత్నం జరగదు. కింద కనిపించే నమూనాలో ఎలిమెంట్ పేర్ల వరుస మీద క్లిక్ చేసి, రకాన్ని టెక్స్ట్‌గా మార్చండి.

మామూలు గడియారం రూపంలో, అంటే 00:00:01.003 అన్నట్టు సమయం ఇచ్చే ఫైళ్లు కూడా ఉంటాయి. స్ప్రెడ్‌షీట్ దాన్ని రోజులో ఒక భాగంగా దాచుకుంటుంది. సెకన్లు కావాలంటే పక్క గడిలో దాన్ని 86400తో గుణించి, ఫార్మాట్‌ను సంఖ్యగా మార్చండి.

అంకెలు అంకెలేనా?

లోడ్ అయ్యాక గడుల అమరికను వెనక్కి, మామూలు స్థితికి తెచ్చి చూడండి. అంకెలు కుడి వైపుకూ, అక్షరాలు ఎడమ వైపుకూ ఒదిగి ఉంటాయి. సమయం వరుసలో ఏదైనా ఎడమకు జరిగి ఉందంటే అది అంకె కాదు. వరుసలు వందల్లో ఉంటే కంటికి పని చెప్పకుండా కౌంట్, కౌంట్‌ఏ ఫంక్షన్లు వాడండి. మొదటిది అంకెలున్న గడులనే లెక్కిస్తుంది, రెండోది ఖాళీ కాని గడులన్నిటినీ లెక్కిస్తుంది. రెండూ ఒకటి కాకపోతే తేడా ఎంతో అన్ని గడులు చెడిపోయాయని అర్థం.

ట్రిప్ కాని రీడింగుల దగ్గర జాగ్రత్త. పికప్ కంటే తక్కువ కరెంట్‌కు రిలే ట్రిప్ కాకపోవడం సరైన ఫలితమే. అక్కడ సున్నా పెడితే సున్నా సెకన్లలో ట్రిప్ అయిందన్న అర్థం వస్తుంది. పైగా చార్టుకు మనం వాడబోయే లాగరిథమిక్ అక్షం (ప్రతి పది రెట్లకూ సమాన దూరం ఇచ్చేది) మీద సున్నాకు చోటే లేదు. అసలు వరుసను తాకకుండా, పక్కన ‘చార్టు సమయం’ అనే కొత్త వరుస చేర్చండి. ఫలితం ట్రిప్ అయితే సమయం, లేకపోతే ఎన్ఏ ఫంక్షన్ వచ్చేలా షరతు రాయండి. ఎన్ఏ ఉన్న బిందువును చార్టు వదిలేస్తుంది.

అదే షీటులో పైన కొన్ని గడులు కేటాయించి సెట్టింగ్ కరెంట్, టైమ్ మల్టిప్లయర్, కర్వ్ రకం, సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) నిష్పత్తి రాయండి. రిలే సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, కిట్ క్యాలిబ్రేషన్ తేదీ కూడా ఇక్కడే ఉంటే మేలు. సెట్టింగులు తెలియని రీడింగులు ఎంత ఖచ్చితంగా ఉన్నా వాటితో ఏమీ తేల్చలేం.

ఉండాల్సిన సమయాన్ని లెక్కించండి

ప్రతి రీడింగ్‌కూ కరెంట్‌ను సెట్టింగ్‌తో భాగించండి. దాన్ని ‘రెట్లు’ అందాం. ఐఈసీ 60255-151 ప్రమాణం ఇచ్చిన సూత్రాలు ఇవి:

స్టాండర్డ్ ఇన్వర్స్: సమయం = టైమ్ మల్టిప్లయర్ × 0.14 ÷ (రెట్లు^0.02 − 1)
వెరీ ఇన్వర్స్: సమయం = టైమ్ మల్టిప్లయర్ × 13.5 ÷ (రెట్లు − 1)
ఎక్స్‌ట్రీమ్లీ ఇన్వర్స్: సమయం = టైమ్ మల్టిప్లయర్ × 80 ÷ (రెట్లు^2 − 1)

సూత్రం సరిగ్గా టైపు చేశారో లేదో చూసుకోవడానికి మన ఉదాహరణలో రావాల్సిన విలువలు: 1.5 రెట్లకు 1.719 సెకన్లు, 2 రెట్లకు 1.003, 3కు 0.630, 5కు 0.428, 10కి 0.297, 20కి 0.227. మీ గడుల్లో ఇవి రాకపోతే బ్రాకెట్లు ఒకసారి చూడండి. ఘాతం వేశాకే ఒకటి తీసివేయాలి. సెట్టింగ్ గడికి డాలర్ గుర్తులు పెట్టడం మరవకండి, లేకపోతే సూత్రాన్ని కిందికి లాగినప్పుడు అది వేరే గడిని చూస్తుంది.

కొలిచిన సమయం నుంచి ఉండాల్సిన సమయాన్ని తీసేసి రెండు వరుసలు చేయండి. ఒకటి తేడా సెకన్లలో, మరొకటి శాతంలో. రెండూ ఎందుకో చార్టు చదివేటప్పుడు తెలుస్తుంది.

చార్టులో నున్నటి కర్వ్ రావాలంటే వేరే షీటులో ఒక చిన్న పట్టిక కావాలి. మొదటి గడిలో 1.1 పెట్టి, కింది ప్రతి గడిలో పై విలువను 1.08తో గుణిస్తూ పోండి. 40 వరుసల లోపే 20 రెట్లు దాటుతారు. గుణిస్తూ పోవడం వల్ల లాగ్ అక్షం మీద బిందువుల మధ్య దూరం సమానంగా వస్తుంది. ప్రతి విలువకూ సూత్రం వేయండి. రిలే మాన్యువల్‌లో తయారీదారు ఇచ్చిన అనుమతి పరిమితితో పై గీత, కింది గీత కూడా లెక్కించండి. ఆ పరిమితి తరచూ ‘ఇంత శాతం లేదా ఇన్ని మిల్లీసెకన్లు, ఏది ఎక్కువైతే అది’ అన్న రూపంలో ఉంటుంది. దానికి మ్యాక్స్ ఫంక్షన్ సరిపోతుంది.

చార్టు

ఎంచుకోవాల్సింది ఎక్స్‌వై స్కాటర్ చార్టు, లైన్ చార్టు కాదు. లైన్ చార్టు అడ్డు అక్షం మీది అంకెలను పేర్లుగా భావించి సమాన దూరంలో పేరుస్తుంది. 2 రెట్లకూ 3 రెట్లకూ మధ్య ఎంత దూరమో, 10కీ 20కీ మధ్య అంతే దూరం చూపిస్తుంది. కర్వ్ ఆకారమే తప్పుగా వస్తుంది.

మొదటి శ్రేణిగా లెక్కించిన కర్వ్‌ను గుర్తులు లేని గీతగా పెట్టండి. పరిమితి గీతలు సన్నటి చుక్కల గీతలుగా ఉంటే చాలు. కొలిచిన రీడింగులను మాత్రం విడి గుర్తులుగానే ఉంచండి, వాటిని గీతతో కలపకండి. కలిపితే మీరు కొలవని చోట కూడా కొలిచినట్టు కనిపిస్తుంది. రెండు అక్షాలనూ ఫార్మాట్ యాక్సిస్‌లోకి వెళ్లి లాగరిథమిక్ స్కేల్‌కు, ఆధారం 10కి మార్చండి. అడ్డు అక్షానికి 1 నుంచి 100, నిలువు అక్షానికి 0.1 నుంచి 10 మన ఉదాహరణకు సరిపోతాయి. చిన్న గ్రిడ్ గీతలు కూడా కనిపించేలా పెట్టండి. అక్షాల పేర్లలో యూనిట్లు తప్పక రాయండి.

ఇతర రిలేలతో సమన్వయం చూడాలంటే అడ్డు అక్షం మీద రెట్లకు బదులు ప్రైమరీ ఆంపియర్లు, అంటే సీటీకి ముందు అసలు లైనులో పారే కరెంట్ కావాలి. 400/5 సీటీ అయితే సెకండరీ కరెంట్‌ను 80తో గుణించిన వరుస ఒకటి చేసుకోండి.

చార్టు ఏం చెబుతోంది?

ఈ పని మొత్తానికీ నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. తేడా ఉందా లేదా అన్నదానికంటే, తేడా ఏ ఆకారంలో ఉందన్నది ముఖ్యం.

ప్రతి రీడింగ్ సరిగ్గా 0.030 సెకన్లు ఆలస్యమైందనుకోండి. 1.5 రెట్ల దగ్గర అది 1.7 శాతమే, ఎవరూ పట్టించుకోరు. 5 రెట్ల దగ్గర 7 శాతం, 20 రెట్ల దగ్గర 13 శాతం దాటుతుంది. లాగ్ చార్టులో గుర్తులు ఎడమన కర్వ్ మీదే ఉండి, కుడికి వెళ్లేకొద్దీ పైకి లేస్తాయి. సెకన్లలో తేడా రాసిన వరుస మాత్రం ఒకే అంకె చూపిస్తుంది. అలా స్థిరంగా ఉంటే రిలే లెక్కలో తప్పు లేదు. మధ్యలో ఒక సహాయక ట్రిప్ రిలే ఉండి, దాని కాంటాక్ట్ నుంచి కిట్‌కు స్టాప్ సంకేతం తీసుకున్నారేమో చూడండి.

శాతం అన్ని చోట్లా ఒకేలా ఉంటే కథ వేరు. అన్ని రీడింగులూ పది శాతం ఎక్కువగా ఉన్నాయంటే టైమ్ మల్టిప్లయర్ 0.10 బదులు 0.11 ఉందేమో అని చూడాలి, ఎందుకంటే సమయం దానికి అనులోమంగా మారుతుంది. లాగ్ అక్షం మీద ఇది కర్వ్ మొత్తం ఆకారం చెడకుండా పైకి జరిగినట్టు కనిపిస్తుంది.

ఎడమ చివర మాత్రమే తేడా ఉంటే కరెంట్ వైపు చూడండి. కరెంట్‌లో 2 శాతం పొరపాటు 1.5 రెట్ల దగ్గర సమయాన్ని దాదాపు 4.7 శాతం మారుస్తుంది. అదే పొరపాటు 10 రెట్ల దగ్గర ఒక శాతం కూడా మార్చదు. పికప్ విలువ జరిగిందేమో, కిట్ క్యాలిబ్రేషన్ గడువు దాటిందేమో పరిశీలించండి. కుడి చివర గుర్తులు ఒక్కసారిగా కిందికి పడిపోతే ఇన్‌స్టంటేనియస్ ఎలిమెంట్ (కావాలని ఆలస్యం చేయకుండా వెంటనే ట్రిప్ చేసేది) పనిచేసి ఉంటుంది. అది తప్పు కాకపోవచ్చు గానీ, టైమ్ డిలే కర్వ్‌ను మాత్రమే పరీక్షించాలనుకుంటే ఆ రీడింగులు పనికిరావు.

ఇంకొకటి నొక్కి చెప్పాలి. ఒకటి రెండు రీడింగులతో కర్వ్ రకాన్ని నిర్ధారించకండి. టైమ్ మల్టిప్లయర్ 1 దగ్గర 3.4 రెట్లకు స్టాండర్డ్ ఇన్వర్స్ 5.65 సెకన్లు ఇస్తే, వెరీ ఇన్వర్స్ 5.63 ఇస్తుంది. ఆ రెండు కర్వ్‌లూ అక్కడ ఒకదాన్నొకటి దాటుతాయి. 5 రెట్ల దగ్గర వెరీ ఇన్వర్స్ 3.375, ఎక్స్‌ట్రీమ్లీ ఇన్వర్స్ 3.333. కేవలం 5 రెట్ల దగ్గర పరీక్షించి పాస్ రాస్తే, రిలేలో తప్పు కర్వ్ ఎంచుకున్నా తెలియదు. 2 రెట్ల దగ్గర ఒకటి, 10 దగ్గర ఒకటి తప్పనిసరిగా తీసుకోండి. ఆ రెండు చోట్లా మూడు కర్వ్‌లూ దూరదూరంగా ఉంటాయి.

కామ్‌ట్రేడ్ ఫైలైతే

ఐట్రిపుల్‌ఈ సీ37.111గా, ఐఈసీ 60255-24గా ఉన్న ప్రమాణం ఇది. సాధారణంగా రెండు ఫైళ్లు జతగా వస్తాయి. సీఎఫ్‌జీ ఫైలులో వివరణ, డీఏటీ ఫైలులో అంకెలు. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు, అందుకే రెండింటినీ ఒకే పేరుతో ఒకే చోట ఉంచండి. 2013 రూపంలో రెండూ ఒకే సీఎఫ్ఎఫ్ ఫైలుగా కూడా రావచ్చు.

సీఎఫ్‌జీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, చివరి వరుసల్లో డేటా రకం ఆస్కీనా (చదవగలిగే సాదా అక్షరాలు) బైనరీనా చూడండి. బైనరీ అయితే స్ప్రెడ్‌షీట్ నేరుగా చదవలేదు. ఏదైనా కామ్‌ట్రేడ్ వ్యూయర్‌లో తెరిచి ఆస్కీగానో సీఎస్‌వీగానో మార్చుకోండి. ఆస్కీ అయితే డీఏటీని పైన చెప్పిన పద్ధతిలోనే దిగుమతి చేయవచ్చు. మొదటి నిలువు వరుస శాంపిల్ సంఖ్య, రెండోది సమయం, తర్వాత అనలాగ్ ఛానళ్లు, ఆ తర్వాత డిజిటల్ ఛానళ్లు. సమయం మామూలుగా మైక్రోసెకన్లలో ఉంటుంది, సీఎఫ్‌జీలో దానికి ఒక గుణకం ఇచ్చి ఉంటే దానితో గుణించాలి.

అనలాగ్ అంకెలు నేరుగా ఆంపియర్లు కావు. సీఎఫ్‌జీలో ప్రతి ఛానల్ వరుసలో ఒక గుణకం, ఒక కూడిక విలువ ఉంటాయి. అంకెను గుణకంతో గుణించి, కూడిక విలువను కలపాలి. గుణకం 0.0125, కూడిక 0 అయితే 2400 అనే అంకె 30 ఆంపియర్లు. ఆ విలువలు ప్రైమరీవా, సెకండరీవా అన్నది కూడా 1999 రూపం నుంచి అదే వరుస చివరి అక్షరంలో ఉంటుంది. దాన్ని చూడకుండా లెక్కిస్తే సీటీ నిష్పత్తి అంత తప్పు వస్తుంది.

ఇక్కడ కూడా స్కాటర్ చార్టే వాడండి, ఒకే రికార్డులో శాంప్లింగ్ రేటు మధ్యలో మారవచ్చు. ఈసారి అక్షాలు మామూలు సరళ అక్షాలు. ట్రిప్, పికప్ లాంటి డిజిటల్ ఛానళ్లు ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండాలంటే ప్రతిదాన్ని 0.8తో గుణించి, మొదటిదానికి 0, రెండోదానికి 1, మూడోదానికి 2 కలుపుతూ వేరే చార్టులో పెట్టండి. మెట్లు మెట్లుగా స్పష్టంగా కనిపిస్తాయి. షీటులో 10,48,576 వరుసలకు మించి పట్టవు, కాబట్టి దీర్ఘ రికార్డులను ఫాల్ట్ చుట్టూ కత్తిరించి తెచ్చుకోండి.

రెండు వైపుల కరెంట్లను పోల్చే డిఫరెన్షియల్ రిలే అయితే అడ్డంగా బయాస్ కరెంట్ (రిలేను ఆపి ఉంచేది), నిలువుగా ఆపరేట్ కరెంట్ (రెండు వైపుల మధ్య తేడా), రెండూ సరళ అక్షాల మీద. బయాస్‌ను ఒక్కో తయారీదారు ఒక్కోలా నిర్వచిస్తారు. రెండు వైపుల కరెంట్ల మొత్తం కావచ్చు, దానిలో సగం కావచ్చు, రెండింటిలో పెద్దది కావచ్చు. మాన్యువల్ చూశాకే సూత్రం రాయండి. లోపం దాకా లైను ఇంపెడెన్స్‌ను కొలిచే డిస్టెన్స్ రిలేకు అడ్డంగా రెసిస్టెన్స్, నిలువుగా రియాక్టెన్స్ పెట్టి, రెండు అక్షాల స్కేలు సమానంగా ఉంచండి. లేకపోతే మో వృత్తం (రిలే పనిచేసే పరిధిని చూపే వృత్తం) కోడిగుడ్డులా సాగిపోతుంది.

తర్వాతి టెస్ట్ వచ్చినప్పుడు ఇదంతా మళ్లీ చేయనక్కర్లేదు. ఎక్సెల్‌లో డేటా మూలాన్ని కొత్త ఫైలుకు మార్చి రిఫ్రెష్ నొక్కితే దిగుమతి దశలన్నీ అదే క్రమంలో జరుగుతాయి. దానికి ముందు పాత రీడింగులను విలువలుగా వేరే షీటులోకి కాపీ చేసి, షీటుకు టెస్ట్ తేదీ పేరు పెట్టండి. అదే చార్టులో వాటిని వేరే రంగు గుర్తులతో ఉంచితే, రెండు టెస్టుల మధ్య రిలే ఎటు జరిగిందో పక్కపక్కనే కనిపిస్తుంది.